నాలుగింటిదాకా రిలాక్స్

ఆ రోజు ఉదయం పన్నెండో నంబరు డ్రైవరుగారు వేసుకున్న ప్లానులో కంగారు పడాల్సింది ఏమీ లేదు. ఎనిమిదిన్నరకు ఇల్లు వదలాలి. తొమ్మిదింటికి బస్సు డిపోలో ఏడాదికోసారి జరిగే వైద్య పరీక్ష. డాక్టరమ్మ సంతకం పెట్టగానే పదింటికల్లా బండెక్కి స్టీరింగు పట్టుకోవాలి. ఇరవై ఏడేళ్ళుగా ఇదే తంతు. ఇన్నేళ్ళూ ఒకే రూటు మీద బండి తిప్పడం వల్ల ఆయన అసలు పేరు డిపోలో ఎవరికీ గుర్తు లేదు. పన్నెండో నంబరు అంటే రూటూ అదే, మనిషీ ఆయనే.

అయితే బయలుదేరే ముందు ఇంట్లో ఒక చిన్న సంగతి జరిగింది. ఆయన స్నానం చేసి, తడి తువ్వాలును రోజూలాగే భోజనాల బల్ల దగ్గరి కుర్చీ మీద పడేశారు. రోజూ అయితే సరిగ్గా ఆ క్షణాన భార్య గొంతు లేస్తుంది. "ఆ కుర్చీ మీకేం ద్రోహం చేసిందండీ?" అని మొదలై, ఆయన చెప్పులేసుకుని వీధి మలుపు తిరిగేదాకా వినిపిస్తూనే ఉంటుంది. ఇరవై ఆరేళ్ళ కాపురంలో ఒక్క రోజు తప్పలేదు. ఆ రోజు మాత్రం ఆవిడ తువ్వాలు తీసి తీగ మీద ఆరేసి, "జాగ్రత్తగా వెళ్ళిరండి" అంది. నర్సింగు చదువుతున్న కూతురు ముందురోజే, "అమ్మా, పరీక్ష రోజైనా నాన్నను కసరకు" అని తల్లికి క్లాసు పీకింది మరి. ఆ సంగతి డ్రైవరుగారికి తెలియదు. వీధి మలుపు దాకా వెనక్కి తిరిగి చూసుకుంటూనే నడిచారు.

ఆయనకు చప్పుళ్ళ విషయంలో ఒక సిద్ధాంతం ఉంది. బండి లడలడలాడుతున్నంతసేపూ ఏ బెంగా లేదు, రోజూ వచ్చే చప్పుడు ఆగిందంటే మాత్రం ఏదో ఊడిపోయిందన్నమాట. ఇది ఊహించి చెప్పింది కాదు. ఒకసారి నాలుగేళ్ళుగా కొట్టుకుంటున్న వెనక తలుపు ఉన్నట్టుండి నోరు మూసుకుంది. ప్రయాణికులంతా హమ్మయ్య అనుకున్నారు. ఈయన ఒక్కరే బండి ఆపి దిగి చూస్తే, తలుపు అల్లంత దూరాన రోడ్డు మీద పడి ఉంది. అప్పటినుంచీ ఆయనకు నిశ్శబ్దమంటే నమ్మకం లేదు.

డిపోలో డాక్టరమ్మ ఆయన చేతికి బీపీ పట్టీ చుట్టి, మిషను గుండీ నొక్కి, అంకె చూసి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూసింది.

"నూట అరవై ఎనిమిది! ఏమైందండీ? పోయిన ఏడాది నూట ఇరవై ఆరే కదా!"

"ఏమీ కాలేదండీ. ఇంట్లో కూడా ఏమీ అనలేదు" అన్నారాయన అయోమయంగా. ఆ రెండో మాటను డాక్టరమ్మ పట్టించుకోలేదు.

"నూట నలభై దాటితే నేను సంతకం పెట్టలేను. సాయంత్రం నాలుగింటికి మళ్ళీ రండి. అప్పటికీ దిగకపోతే వచ్చే ఏడాది పరీక్ష దాకా మిమ్మల్ని పోయిన సామాన్ల గదికి మార్చాల్సి వస్తుంది. ఈలోగా ఇంటికెళ్ళి హాయిగా రిలాక్స్ అవ్వండి."

పోయిన సామాన్ల గది అంటే బస్సుల్లో జనం మర్చిపోయిన గొడుగులూ, ఒంటి చెప్పులూ, తొమ్మిదేళ్ళుగా ఎవరూ వచ్చి అడగని ఒక కట్టుడు పళ్ళ సెట్టూ ఉండే చోటు. అందులో ఇప్పుడు కూర్చునేది పాత ఏడో నంబరు డ్రైవరు. ఒకప్పుడు డిపోలో పులి. ఈ మధ్య గొడుగులతో మాట్లాడుతున్నాడని వినికిడి.  మన డ్రైవరుగారికి స్టీరింగు తప్ప వేరే లోకం లేదు, అది లేని ఏడాదిని ఎలా గడపాలో బొత్తిగా తోచలేదు.

ఇక రిలాక్స్ అనే మాట. అది ఆయనకు కొత్తదేం కాదు. ఒకప్పుడు ఆయనకు ఉద్యోగం వచ్చిందే ఆ మాట పుణ్యాన. ఎత్తు అరంగుళం తక్కువైతే, పెద్దాఫీసరు కాయితం మీద "రిలాక్సేషన్ ఇవ్వడమైనది" అని రాసి లోపలికి పంపాడు. ఫోటో స్టూడియో వాడు రిలాక్స్ అవ్వమన్నప్పుడల్లా ఆయన కొయ్యబారిపోయేవారు. లైసెన్సు మీద ఫోటో చూస్తే తెలుస్తుంది. ఇంట్లో కూతురు ఏదైనా పగలగొట్టినప్పుడు "రిలాక్స్ నాన్నా" అంటుంది. బావమరిది ఏదైనా వస్తువు పట్టుకుపోయేటప్పుడు "రిలాక్స్ బావా" అంటాడు. మొత్తం మీద ఆ మాట వినపడితే ఏదో ఒకటి పోయిందని ఆయన అనుభవం. దాన్ని నిజంగా చేయడం ఎలాగో ఆయనకు ఎవరూ నేర్పలేదు.

ఆయన ఇల్లు చేరేలోపే డాక్టరమ్మ మంచి ఉద్దేశంతోనే ఆయన భార్యకు ఫోను చేసింది. "నాలుగింటిదాకా ఆయన్ను ఎవరూ ఏమీ అనకండి. ఇంట్లో చీమ చిటుక్కుమనకూడదు. చుట్టుపక్కల వాళ్ళకు కూడా చెప్పండి." భార్య సరేనని అందరికీ చెప్పింది. పక్కింటాయనకు చెప్పింది, తమ్ముడికి ఫోను చేసి చెప్పింది. చెప్పనిది ఒక్క మొగుడికే. ఇంత ఏర్పాటు జరుగుతోందని తెలిస్తే ఆయన కంగారు పడతారని ఆవిడ భయం.

తలుపు తీసిన భార్య నవ్వింది. పట్టపగలు, కారణం లేకుండా.

"వచ్చారా? రండి, కూర్చోండి. కాళ్ళు పైకి పెట్టుకోండి."

ఆయన అనుమానంగా చెప్పులు హాలు మధ్యలో విడిచారు. ఆవిడ వంగి వాటిని తీసి మూలన పెట్టింది.  బండిలో ఏదైనా తేడాగా ఉంటే బ్రేకు తొక్కి చూడటం ఆయన అలవాటు. పరీక్షించి చూద్దామని, తీగ మీద ఆరిన తువ్వాలును తీసుకుని స్నానాలగదిలోకి వెళ్ళి మళ్ళీ తడిపి, తెచ్చి ఈసారి ఏకంగా మంచం మీద, కొత్త దుప్పటి మీద, ఆవిడ దిండు మీదనే పరిచారు. ఆవిడ చూసింది. పెదవులు కదిలాయి. మెడ మీద ఒక నరం ఉబ్బింది. "పర్లేదండీ" అంది.

"పర్లేదా?"

"దాందేముందండీ, తువ్వాలే కదా."

డ్రైవరుగారి పై ప్రాణాలు పైనే పోయాయి. కూతురు వచ్చి తన మిషనుతో చూసింది. నూట డెబ్భై రెండు. "ఎంతమ్మా?" అని ఆయన అడిగితే, "రిలాక్స్ నాన్నా" అంది. ఏం పగలగొట్టిందోనని ఆయన చుట్టూ చూశారు. ఏదీ పగల్లేదు. అది చూసి మరీ భయమేసింది.

కూతురు ఆయన్ను వాలుకుర్చీలో పడుకోబెట్టి, ఒక బేసిను నిండా గోరువెచ్చని నీళ్ళు పోసి అందులో కాళ్ళు పెట్టించింది. కళ్ళు మూసుకోమని చెప్పి ఫోనులో ఏదో పెట్టింది. ఒక తేనెలాంటి గొంతు మొదలైంది. "మీ భుజాలు వదిలేయండి. మీ శరీరం బరువంతా వదిలేయండి. మీరు ఒక నది మీద తేలుతున్నారు. ఎటు వెళ్ళాలో మీరు నిర్ణయించనక్కర్లేదు. ప్రవాహమే మిమ్మల్ని తీసుకుపోతుంది..."

"నిర్ణయించనక్కర్లేదంటే? మరి నడిపేదెవరు?" అన్నారాయన కళ్ళు తెరవకుండానే.

"ష్! నాన్నా, మాట్లాడకూడదు."

"ప్రవాహం వేగం పెరుగుతోంది. అయినా మీకు భయం లేదు. ఎదురుగా ఒక మలుపు..."

మలుపు అనగానే ఇరవై ఏడేళ్ళ సర్వీసు ఆయన కుడికాలిలోకి దిగింది. బ్రేకు పడింది. ఎడమకాలు క్లచ్చు తొక్కింది. బేసిను బోర్లపడి, నీళ్ళు హాలంతా పారి, ఆవిడ పొద్దున్నుంచీ ఇస్త్రీ చేసి కింద చాప మీద పేర్చిన బట్టల దొంతర కిందికి చేరాయి. డ్రైవరుగారు కళ్ళు గట్టిగా మూసుకుని ఎదురుచూశారు. ఇప్పుడైనా మొదలవుతుంది. ఇంత జరిగాక ఏ ఇల్లాలూ ఊరుకోదు.

"పర్లేదండీ" అంది భార్య, తడిసిన దొంతర ఎత్తి పిండుతూ. "మళ్ళీ చేసుకుంటాను. ఇస్త్రీ చేయడం నాకు సరదానే కదా."

నూట డెబ్భై ఎనిమిది.

సరిగ్గా అప్పుడే ఆయన ఇంకోటి గమనించారు. పక్కింట్లోంచి ట్రంపెట్టు వినిపించడం లేదు. పక్కింటాయన తపాలా ఆఫీసులో రిటైరయ్యాక మూడేళ్ళుగా అది నేర్చుకుంటున్నాడు. ఒకే పాట, పాటలో ఒకే చోట తప్పు. ఆపమని డ్రైవరుగారు గోడ మీద గుద్ది గుద్ది సున్నం రాలింది. అలాంటిది ఇవాళ ఉలుకూ పలుకూ లేదు. ఇంతలో ఆ పక్కింటాయనే గుమ్మంలో నిలబడి, చేతులు కట్టుకుని, నెమ్మదిగా అన్నాడు.

"డ్రైవరుగారూ, ఇవాళ వాయించడం లేదండీ. మీరు ప్రశాంతంగా ఉండాలి. మూడేళ్ళు ఓపిగ్గా భరించారు. మీలాంటి పొరుగువాళ్ళు మళ్ళీ దొరకరు."

"మళ్ళీ దొరకకపోవడం ఏంటండీ? నేనెక్కడికి పోతున్నాను?"

పక్కింటాయన తల వంచుకుని వెళ్ళిపోయాడు. డ్రైవరుగారు కుర్చీలో జారగిలబడ్డారు. తువ్వాలు చప్పుడు ఆగింది. ట్రంపెట్టు ఆగింది. ఊడిపోతున్నది ఏమిటో ఆయనకు అర్థమవుతున్నట్టే ఉంది.

దాన్ని ఖాయం చేయడానికి పదకొండున్నరకు బావమరిది వచ్చాడు. చేతిలో డ్రిల్లింగు మిషను, భుజాన నిచ్చెన, చంకలో టార్చిలైటు. మూడూ డ్రైవరుగారివే. డ్రిల్లు పట్టుకుపోయి ఆరేళ్ళయింది. నిచ్చెన ఎప్పుడు పోయిందో ఆయనకే గుర్తు లేదు.

"ఇదిగో బావా, నీ వస్తువులు నీ దగ్గరే ఉండాలి" అన్నాడు బావమరిది, అక్క నేర్పిన మెత్తటి గొంతుతో. "ఇన్నాళ్ళూ ఉంచుకున్నందుకు ఏమీ అనుకోకు. మనసులో ఏం పెట్టుకోకు. రిలాక్స్."

పుట్టి బుద్ధెరిగాక ఆ మనిషి ఒక వస్తువు తిరిగి ఇవ్వడం ఎవరూ చూడలేదు. డ్రైవరుగారు మంచినీళ్ళు తాగుదామని వంటింటి వైపు వెళ్తే, లోపల భార్య ఫోనులో ఎవరితోనో గుసగుసగా అంటోంది. "ఆయనకేం చెప్పలేదు... పాపం, తట్టుకోలేరు... నాలుగింటిదాకా ఎలాగోలా నెట్టుకొస్తే చాలు, ఆ తర్వాత ఇక బాధే లేదు."

డ్రైవరుగారు గోడ పట్టుకున్నారు. గడియారం చూశారు. పన్నెండు కావస్తోంది. అంటే మిగిలింది నాలుగు గంటలు. సామాన్ల గది ఊసే ఆయన బుర్రలోంచి ఎగిరిపోయింది. ఏడాదిపాటు గొడుగులతో మాట్లాడటం కూడా ఇప్పుడు ఎంతో మంచి బతుకులా కనిపించింది.

ఆయన పిరికివాడు కాదు. రద్దీలో బ్రేకులు పోయిన బండిని ఇసుకగుట్ట మీదికి ఎక్కించి ఆపిన మనిషి. చేయాల్సినవి ఒక్కొక్కటీ చేయడం మొదలుపెట్టారు. ముందు బావమరిదిని పిలిచి, "డ్రిల్లు నువ్వే ఉంచుకోరా, నాకెందుకు ఇక" అన్నారు. బావమరిదికి ప్రాణం లేచొచ్చింది కానీ, అక్క గుమ్మం దగ్గర నిలబడి కళ్ళెర్రజేయడంతో, "వద్దు బావా" అని పారిపోయాడు. తర్వాత డిపోలో తన బండి నడుపుతున్న కుర్ర డ్రైవరుకు ఫోను చేశారు.

"తమ్ముడూ, రెండో గేరు కొంచెం మొండి. కసరకు, బుజ్జగించి వెయ్యి. నా సీటు మీద దిండు నువ్వే ఉంచుకో."

"అయ్యో, అదేంటన్నా! ఆ దిండు ఎవర్నీ ముట్టుకోనివ్వవు కదా!"

దిండు అనగానే ఆయనకు ఒక సంగతి గుర్తొచ్చింది. పదకొండేళ్ళుగా ఎవరికీ చెప్పని సంగతి అది. ఆ బరువుతో పోకూడదనుకున్నారు. మూడింటికి, భార్య తడిసిన బట్టలు మళ్ళీ ఇస్త్రీ చేస్తుండగా, ఎదురుగా వెళ్ళి నిలబడ్డారు.

"నీకొక విషయం చెప్పాలి. నీ కుట్టుమిషను పాడుచేసింది మీ తమ్ముడు కాదు."

ఇస్త్రీపెట్టె ఆగింది.

"నేనే. సీటు దిండుకు రెక్సిన్ తొడుగు కుట్టుకుందామని కూర్చున్నాను. రెండు మడతలు అనుకుంటే నాలుగు మడతలయ్యాయి. లోపల ఏదో ఠప్‌మని విరిగింది. ఆ రోజు వాడు ఆ గదిలో నిద్రపోతున్నాడు కదా... వాడి మీదికి తోసేశాను."

ఆ మిషను ఆవిడ తన మొదటి సంపాదనతో కొనుక్కున్నది. ఆ గొడవలో ఆవిడ తమ్ముడితో ఎనిమిది నెలలు మాట్లాడలేదు. ఆవిడ ముఖం ముందు తెల్లబడింది, తర్వాత ఎర్రబడింది, ఆ తర్వాత అదోలా అయింది. నోరు తెరిచింది. గోడ గడియారం వైపు చూసింది. మూడూ అయిదు. నోరు మూసింది. కొంగు నోట్లో కుక్కుకుని, పళ్ళ మధ్య నుంచి అంది.

"ప... ర్లేదండీ."

ఇక డ్రైవరుగారికి ఏ ఆశా మిగల్లేదు. కుట్టుమిషను విషయంలో కూడా క్షమించిందంటే, తన పని అయిపోయినట్టే. కళ్ళ నీళ్ళు తిరిగాయి. "నువ్వు చాలా మంచిదానివి. ఎప్పుడూ చెప్పలేదు" అన్నారు. ఆవిడకు కోపంతో, ఆయనకు దుఃఖంతో ఇద్దరికీ ఒకేసారి ముక్కులు ఎగబీల్చాల్సి వచ్చింది.

డిపోకు పన్నెండో నంబరు బస్సులోనే వెళ్ళారు. ఆయన ప్రయాణికుల సీట్లో కూర్చుని దారంతా కుడికాలితో ఉత్తుత్తి బ్రేకు తొక్కుతూ, ప్రతి స్టాపునూ చివరిసారిగా చూసుకున్నారు. పక్కన ఆవిడ పెదవులు బిగించి, చేతిసంచిని పిండుతూ కూర్చుంది. కండక్టరు పలకరిస్తే ఇద్దరూ తల మాత్రమే ఊపారు.

నాలుగింటికి రెండు నిమిషాలు ఉండగా డాక్టరమ్మ పట్టీ చుట్టి గుండీ నొక్కింది. నూట తొంభై.

"నా సర్వీసులో రిలాక్స్ అయి ఇంత పెరిగిన మనిషిని చూడలేదు" అంటూ డాక్టరమ్మ బదిలీ ఫారం తీసింది. కలం మూత కూడా తీసింది. "రూలు ప్రకారం రెండుసార్లు చూడాలి కాబట్టి చూస్తాను. ఆశ మాత్రం పెట్టుకోకండి."

గోడ గడియారం నాలుగు కొట్టింది.

"డాక్టరుగారూ, నాలుగైనట్టేనా?" అంది భార్య.

"అయిందమ్మా."

"ఇక నేను మాట్లాడొచ్చా?"

"ఇక దాచేదేముంది? మాట్లాడండి" అంటూ డాక్టరమ్మ గుండీ నొక్కింది.

"పదకొండేళ్ళండీ!" ఆవిడ గొంతుకు కిటికీ అద్దాలు అదిరాయి. "పదకొండేళ్ళు నా తమ్ముణ్ణి నేను దొంగను చూసినట్టు చూశాను! వాడు గుమ్మంలో అడుగుపెడితే పరిగెత్తుకెళ్ళి మిషనుకు అడ్డంగా నిలబడేదాన్ని! మీరేమో పక్కన కూర్చుని 'పోనీలే పాపం, తెలియక చేశాడు' అని వాణ్ణి వెనకేసుకొచ్చారు! ఎంత గుండెలు తీసిన బంటండీ మీరు! నా మిషను మీద బస్సు సీటు కుడతారా? బస్సునే తెచ్చి కుట్టకపోయారా? అదలా ఉంచండి. ఆ తువ్వాలు! ఇరవై ఆరేళ్ళుగా మొత్తుకుంటున్నాను, కుర్చీ మీద వేయకండీ అని. ఇవాళ కుర్చీ చాలక నా దిండు మీద పరిచారు! ఆరినదాన్ని తడిపి మరీ పరిచారు! నేను చూడలేదనుకున్నారా? డాక్టరుగారు నాలుగింటిదాకా నోరు మెదపొద్దన్నారు కాబట్టి ఊరుకున్నాను కానీ..."

"డాక్టరుగారు వద్దన్నారా?" డ్రైవరుగారు చటుక్కున తలెత్తారు. "అందుకా ఏమీ అనలేదు? మరి నేను... నాకేం జబ్బు లేదా?"

"మీకెందుకొస్తుందండీ జబ్బు? మీ చుట్టూ ఉన్నవాళ్ళకు వస్తుంది! పొద్దున్నుంచీ మాట మింగి మింగి నాకు కడుపు ఉబ్బిపోయింది! ఇస్త్రీ బట్టల కిందికి నీళ్ళు పారిస్తే 'నాకు సరదానే' అనాల్సి వచ్చింది, నా ఖర్మ! ఇక దిండు సంగతంటారా..."

డ్రైవరుగారి భుజాలు మెల్లగా కిందికి దిగాయి. వేళ్ళు విచ్చుకున్నాయి. కళ్ళు అరమోడ్పులయ్యాయి. చప్పుడు మళ్ళీ వచ్చింది. అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి, ఏదీ ఊడిపోలేదు. బండి చక్కగా పోతోంది. ఆయన ముఖం మీద పొద్దున్నుంచీ లేని చిరునవ్వు వచ్చి కూర్చుంది.

మిషను కూతపెట్టింది. నూట యాభై. డాక్టరమ్మ నమ్మలేక మళ్ళీ నొక్కింది. ఈలోగా భార్య పెళ్ళైన మొదటి ఏడు ఆయన వర్షంలో మర్చిపోయి వచ్చిన గొడుగు దగ్గరకు చేరుకుంది. నూట ముప్ఫై నాలుగు.

"అమ్మా, ఆపకండి" అంది డాక్టరమ్మ ఊపిరి బిగబట్టి. "ఇంకొక్క నిమిషం."

"ఒక్క నిమిషంలో ఏం సరిపోతుందండీ?" అని ఆవిడ అత్తవారి వైపు చుట్టాల దాకా వెళ్ళింది. నూట ఇరవై ఆరు. సరిగ్గా పోయిన ఏడాది అంకె. డ్రైవరుగారు చిన్నగా గురక పెట్టారు.

డాక్టరమ్మ బదిలీ ఫారం చించి బుట్టలో వేసి, బండి నడపొచ్చన్న కాయితం మీద సంతకం పెట్టింది. కింద "సూచనలు" అన్న చోట కాసేపు ఆలోచించి, "ఇంట్లో పరిస్థితి యథాతథంగా కొనసాగాలి. రోజుకు ఒక్కపూట కూడా మానరాదు" అని రాసింది.

సాయంత్రం ఇల్లు చేరేసరికి పక్కింట్లో ట్రంపెట్టు పాత చోటే తప్పు వాయిస్తోంది. డ్రైవరుగారు స్నానం చేసి తువ్వాలు కుర్చీ మీద పడేశారు. "ఆ కుర్చీ మీకేం ద్రోహం చేసిందండీ?" అన్న మాట వంటింట్లోంచి వినిపించగానే, వాలుకుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నారు.

అక్క ఫోనులో కుట్టుమిషను కథంతా విన్న బావమరిది అరగంటలో వచ్చాడు. డ్రిల్లు తీసుకున్నాడు, నిచ్చెన భుజాన వేసుకున్నాడు, టార్చిలైటు చంకలో పెట్టుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగి, వెనక్కి వచ్చి, పదకొండేళ్ళ అవమానానికి పరిహారంగా ఆ వాలుకుర్చీ కూడా అడిగాడు.

"రిలాక్స్ బావా, రెండ్రోజుల్లో తెచ్చిస్తాగా" అన్నాడు.